గెడ్డ అన్న పిల్లాడు మళ్లీ లేవలేదు

100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ ఒక కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. అమలు కావాల్సిందే, అందులో వాదనేమీ లేదు. నేను అడగాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. శ్రీకాకుళం జిల్లాలో ఏదో ఒక జెడ్పీ హైస్కూలుకి రేపు కౌన్సెలర్ వచ్చారనుకుందాం. తొమ్మిదో తరగతి పిల్లాణ్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఏంటి నాన్నా, ఏమైంది?" అని ప్రేమగానే అడుగుతారు. వాడు తల దించుకుని "ఏం లేదు సార్" అంటాడు. ఇంటి దగ్గర, చెరువు గట్టు మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడే పిల్లాడే వాడు. బడిలోకి వచ్చేసరికి నోరు ఎందుకు పడిపోతోంది?

నా వరకు జవాబు ఎనిమిదో తరగతిలోనే దొరికింది. వానాకాలంలో మీ ఊళ్లో ఏం జరుగుతుందో చెప్పమని సోషల్ మాస్టారు అడిగారు. నా పక్క బెంచీవాడు చెయ్యెత్తి మరీ లేచాడు. "మా ఊరి గెడ్డ పొంగీసినాది సార్. చోడి చేను ములిగిపోనాది. నాను ఈదుకుంటా ఎల్లి మేకపిల్లని తెచ్చీసినాను" అన్నాడు. మాస్టారు అక్కడే ఆపేశారు. "గెడ్డ కాదురా, వాగు. చోడి కాదు, రాగి. నాను ఏంటి, నేను అనలేవా?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. వాడు కూర్చున్నాడు. పదో తరగతి అయ్యేదాకా ఏ ప్రశ్నకీ మళ్లీ లేవలేదు. పొంగే నీళ్లలో పదమూడేళ్ల పిల్లాడు మేకపిల్లని ఎలా ఒడ్డుకి తెచ్చాడో మాకెవరికీ తెలియకుండా పోయింది.

ఇంతకీ గెడ్డ అంటే తప్పేంటి? పెద్దగెడ్డ రిజర్వాయర్, వట్టిగెడ్డ రిజర్వాయర్ అని పాత విజయనగరం జిల్లాలో ప్రభుత్వమే ప్రాజెక్టులకు పేర్లు పెట్టుకుంది. ఇంజనీర్ల ఫైళ్లలో చెల్లిన మాట పిల్లాడి నోట చెల్లలేదు.

దీన్ని తెలుగు సబ్జెక్టులో నాలుగు మార్కుల గొడవగా చూడొద్దు. మాట్లాడడం మానేసిన పిల్లలు లెక్కల్లో డౌటు అడగరు. సీనియర్ కొట్టినా చెప్పరు. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయని భయపడే ఆడపిల్ల, ఆ భయాన్ని ఏ టీచరు దగ్గరా బయటపెట్టదు. శ్రీకాకుళం, విజయనగరం, మన ఈ రెండు జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో తల్లిదండ్రులు హైదరాబాదో, చెన్నయ్యో పనికి పోయి, పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరుగుతున్నారో అందరికీ తెలుసు. ఆ పిల్లలకి టెన్షన్ వస్తే చెప్పుకోవడానికి మిగిలిన పెద్దదిక్కు బడే. ఆ బడి మొదట యాసను సరిదిద్ది, ఆ తర్వాత కష్టం చెప్పమంటోంది. పిల్లలు చెప్పరు.

మార్కులు వస్తున్నాయి కదా అనేవాళ్లున్నారు. నిజమే, 2023, 2024 పదో తరగతి ఫలితాల్లో పార్వతీపురం మన్యం జిల్లా రాష్ట్రంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆ పిల్లల్నీ టీచర్లనీ చూస్తే గర్వంగా ఉంటుంది. పరీక్ష పేపరు పుస్తకం భాషలోనే ఉంటుందనీ, రేపు ఇంటర్వ్యూలో 'నాను' అంటే కుదరదనీ టీచర్లు చెప్పేదాంట్లో కూడా నిజం ఉంది. పుస్తకం భాష తప్పకుండా నేర్పాలి, ఇంగ్లిషూ నేర్పాలి. కానీ పిల్లాడు తెచ్చుకున్న మాటని ముందు విని, ఆ తర్వాత దాని పక్కన ఇంకోటి పెట్టాలి. "మనం గెడ్డ అంటాం, పుస్తకంలో వాగు అని రాశారు" అంటే పట్టే టైమెంత?

ఈ పని మన నేలమీద వందేళ్ల కిందటే ఒక మాస్టారు చేసి చూపించారు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. కొండల్లోని సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల సవర భాష నేర్చుకోవాలి అనుకున్నారు. నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వచ్చి, క్వినైన్ మింగీ మింగీ ఆయనకి వినికిడి పోయింది. పిల్లల మాట వినడానికి వెళ్లిన మనిషి చెవులు పోగొట్టుకుని తిరిగొచ్చారు. ఈ ముక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం వల్లే ఈ వ్యాసం నేను ఇలా రాయగలుగుతున్నాను. ఆయన జిల్లాలోనే పిల్లలు వాడుక మాట ఆడి నవ్వులపాలవుతున్నారు.

ఈ నవ్వు బడిలో పుట్టింది కాదు. మన సినిమాల్లో శ్రీకాకుళం యాస ఎవరి నోట వినపడుతుందో గుర్తు చేసుకోండి. పనిమనిషి, వాచ్‌మన్, హీరో పక్కన తన్నులు తినే అమాయకుడు. హైదరాబాదులో మేస్త్రీ పనికి వెళ్లిన మనవాళ్లు బస్సెక్కగానే యాస దాచుకుంటారు. ఉత్తరాంధ్ర వెనుకబాటు అనగానే మన నాయకులు వంశధార నీళ్ల గురించి, భోగాపురం విమానాశ్రయం గురించి మాట్లాడతారు. అవీ కావాలి. కానీ సొంత మాటకి సిగ్గుపడడం కూడా వెనుకబాటే, దాని ఊసు ఒక్క సభలోనూ ఎవరూ ఎత్తరు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్స్ మీటింగ్ పెట్టారు. మంచి పనే. అలా బడికి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, మాస్టారు ఏమడిగినా "మీరెలాగంటే అలాగే బాబూ" అనే తల్లి కూడా ఒకప్పుడు ఏదో క్లాసులో నవ్వులపాలై కూర్చున్న పిల్లే అయ్యుండాలి.

రెండు జిల్లాల విద్యాశాఖాధికారుల్ని నేను అడిగేది ఒక్కటే. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని గిడుగు ఫొటోకి దండ వేసి, పిల్లల చేత పద్యాలు అప్పజెప్పిస్తున్నాం. ఈసారి ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఒక పూట పిల్లల్ని వాళ్ల ఊరి సంగతి వాళ్ల మాటలోనే చెప్పనివ్వండి. సంతకవిటి పిల్లాడు చోడి అంబలి గురించి చెప్పనీ, భోగాపురం పిల్ల సముద్రం గురించి చెప్పనీ. చెప్పడం అయ్యేదాకా ఏ మాస్టారూ మాట దిద్దకూడదు. తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటే: మరి ఆ మేకపిల్ల ఏమైందిరా?