ట్యాంకు దాటాక ఆ నీటికి దిక్కెవరు?

ఇంటింటికీ శుద్ధి చేసిన నీళ్లిచ్చే మిషన్ భగీరథ వచ్చాక నల్గొండ పల్లెలకు ఫ్లోరైడ్ బాధ తప్పిందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. చాలావరకు నిజం. ఆ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే మా అమ్మమ్మ చివరి పదేళ్లూ నడుం ఎత్తలేక గోడ పట్టుకుని నడిచింది. ఈ రోజు మా ఇంట్లో కృష్ణా నీళ్లు తాగుతున్నామంటే అది నాకు చిన్న విషయం కాదు.

కానీ వ్యాసమంతా శుద్ధి కేంద్రాల గురించే, పెద్ద పైపుల గురించే. ఊరి ట్యాంకు నుంచి ఇంటి కొళాయి దాకా బాధ్యత పంచాయతీది. అసలు చిక్కంతా అక్కడే. కిందటి వేసవిలో మా వీధిలో పైపు పగిలి మురుగు కాలువ పక్కనే గుంత పడింది. సరఫరా ఆగగానే ఆ మురుగునే పైపు లోపలికి లాగుతుంది. చివరి కొళాయి దగ్గర కూడా క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రమాణం. పరీక్ష గొట్టంలో రెండు చుక్కల మందు వేసి, నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టే. మా ఊళ్లో ఆ గొట్టం నేనింతవరకు చూడలేదు.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశమంతా మా జిల్లా పేరే పెట్టుకుని ‘నల్గొండ పద్ధతి’ అంటుంది. దానికైనా రోజూ ఒక మనిషి కావాలి కదా! పంపు నడిపే అతనికి నెలనెలా జీతం ఇవ్వండి, శిక్షణ ఇవ్వండి. పైపు బాగుచేసిన ఆ నాలుగు రోజులూ మా వీధివాళ్లు బిందెలు పట్టుకుని మళ్లీ ఆ పాత ఫ్లోరైడ్ నీళ్ల బోరు దగ్గరికే వెళ్లారు.