చేరదీయడం అనే మాట

తెలుగు బైబిలులో ఇరవై ఏడవ కీర్తన పదవ వచనం ఇలా ఉంటుంది: ‘నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును.’ కన్నవారి ఆదరణకు నోచుకోని విశ్వాసులు ఈ వచనాన్ని కంఠతా పట్టి ఉంచుకుంటారు. తల్లి పోయిన మేనల్లుణ్ని మేనమామ చేరదీశాడనీ, దిక్కులేని పిల్లను ఫలానా ఇంటివారు చేరదీశారనీ మన ఊళ్లలో వాడుకగా చెప్పుకుంటాం. ఆ మాట వినగానే ఒక పళ్లెం, ఒక చాప, పొద్దుపోతే ‘పిల్లాడు ఇంకా రాలేదేమిటి’ అని వాకిట్లోకి వచ్చి చూసే ఒక మనిషి మన కళ్లకు కడతారు. కుటుంబం తోసేసిన మనిషిని క్రైస్తవ విశ్వాసం నిలబెట్టగలదా అన్న ప్రశ్నకు జవాబు ఈ క్రియాపదంలోనే ఉందని నా అభిప్రాయం. దేవుడు చేరదీస్తాడన్న వాగ్దానం విరిగిన మనసును తాకేది సాధారణంగా ఎవరో ఒక మనిషి చేతుల మీదుగానే. ఆ చేతులు లేనిచోట ఎంత గొప్ప మారుమనస్సు అయినా గాలిలో దీపంలా ఉండిపోతుంది.

ఈ మాట నేను ఊహించి చెబుతున్నది కాదు. ప్రపంచవ్యాప్తంగా క్రైస్తవులు సాక్ష్యంగా చెప్పుకునే ఒక జీవితాన్ని నిదానంగా చదివితే ఇదే కనిపిస్తుంది. నిక్కీ క్రూజ్ 1938లో ప్యూర్టోరికో ద్వీపంలోని లాస్ పియెద్రాస్‌లో పెద్ద కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు ఆత్మలను పిలిచి, మంత్రతంత్రాలతో రోగాలు కుదర్చడంలో పేరున్నవారు. దూరాభారం లెక్కచేయకుండా జనం వారి ఇంటికి వచ్చేవారు. పరాయివారి జబ్బులకు మందు ఉన్న ఆ ఇంట్లో సొంత బిడ్డకు మాత్రం ప్రేమ దొరకలేదు. చిన్న తప్పుకు తండ్రి పావురాల గూట్లో వేసి తలుపు మూశాడనీ, చీకట్లో రెక్కలు కొట్టుకుంటూ మీదపడిన ఆ పక్షులు ఏళ్ల తరబడి పీడకలలుగా వచ్చాయనీ ఆయనే రాసుకున్నారు. అంతకంటే లోతుగా దిగిన గాయం ఒక మాట వల్ల తగిలింది. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో ఉన్నప్పుడు, ఇంటికి వచ్చినవారి ఎదుట తల్లి ఆ పిల్లవాణ్ని సాతాను కొడుకని, వీడు నా బిడ్డ కాడని అన్నది. అతడు ఇంటి కిందనున్న ఖాళీ స్థలంలోకి పాక్కుంటూ పోయి, మట్టిని గోళ్లతో రక్కుతూ, ఆమెను ద్వేషిస్తున్నానని పదేపదే అరిచాడు.

దెబ్బ మానుతుంది, మాట మానదంటారు పెద్దలు. కొట్టిన తల్లి కూడా తల్లే అని పిల్లవాడు సర్దుకోగలడు కానీ, నువ్వు నా బిడ్డవే కాదన్న మాటతో అతడి పుట్టుకే తప్పయిపోతుంది. ఆ తర్వాత అతడు పలుమార్లు ఇల్లు విడిచి పారిపోయాడు. పదిహేనేళ్ల వయసులో న్యూయార్క్‌లో ఉన్న అన్న దగ్గరికి పంపేశారు. అక్కడా నిలవలేదు. బ్రూక్లిన్‌లోని మౌమౌ అనే వీధి ముఠాలో చేరి, కొద్ది నెలల్లోనే దానికి నాయకుడయ్యాడు. ఆ ముఠా చేసిన నేరాలను తేలిక చేయడం నా ఉద్దేశం కాదు, వాటివల్ల నష్టపోయిన కుటుంబాలు ఉన్నాయి. అయితే ఇల్లు ఇవ్వనిదాన్ని ముఠా ఇచ్చిందన్న సంగతిని పక్కనపెట్టి ఆ పిల్లలను అర్థం చేసుకోలేం. ముఠాలో పేరుంది, పిలుపుంది, తన కోసం దెబ్బలాడేవారున్నారు. కోర్టు అతణ్ని ఒక మనస్తత్వ నిపుణుడి దగ్గరికి పంపితే, నీ దారి జైలుకూ విద్యుత్ కుర్చీకీ నరకానికీ తప్ప మరెక్కడికీ పోదని ఆయన తేల్చేశారు. నీలో మంచి లేదని చెప్పినవారిలో తల్లి మొదటివారైతే ఆ నిపుణుడు చివరివాడు.

అలాంటి సమయంలో, పెన్సిల్వేనియాలోని ఒక చిన్న ఊరి పాస్టరు డేవిడ్ విల్కర్సన్ న్యూయార్క్ వచ్చారు. ఒక హత్య కేసులో విచారణ ఎదుర్కొంటున్న ఏడుగురు కుర్రాళ్ల గురించి ‘లైఫ్’ పత్రికలో చదివి, వారితో మాట్లాడాలని 1958 ఆరంభంలో కోర్టుకు వెళ్తే అక్కడినుంచి గెంటించుకున్న మనిషి ఆయన. ఆ తర్వాత ఆ నగరపు వీధులను వదల్లేదు. నిక్కీ చెంపమీద కొట్టి ఛీకొడితే, నన్ను వెయ్యి ముక్కలుగా నరికి ఈ వీధిలో పరిచినా ప్రతి ముక్కా నిన్ను ప్రేమిస్తూనే ఉంటుందన్న అర్థంలో జవాబిచ్చారు. ఈ మాట మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. నాకు మాత్రం దీనికంటే ముఖ్యంగా తోచేది ఆయన మళ్లీ మళ్లీ రావడం. ఒక్కసారి ప్రేమిస్తున్నానని చెప్పి వెళ్లిపోయేవారిని అలాంటి పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. తోసేసినా మర్నాడు మళ్లీ కనబడేవాడి మీదే వారికి గురి కుదురుతుంది.

ఆ ఏడాది జూలైలో మాన్‌హట్టన్‌లోని సెయింట్ నికోలస్ అరీనాలో కూటాలు జరిగాయి. అది ముష్టియుద్ధాల పోటీలు జరిగే మందిరం. గొడవ చేయడానికే వచ్చిన మౌమౌ కుర్రాళ్లతో విల్కర్సన్ ఎవరూ ఊహించని పని చేయించారు. కానుకలు పట్టే బాధ్యతను వారికే అప్పగించారు. నిక్కీ, మరికొందరు అట్టడబ్బాలు పట్టుకుని వరుసల మధ్య తిరిగారు. వేయనివారి ఎదుట నిలబడి, వేసేదాకా కదల్లేదు. డబ్బు పోగయ్యాక వారు వేదిక వెనకవైపు వెళ్లారు. అక్కడ తెర ఉంది, తెర చాటున వీధిలోకి తీసే తలుపు ఉంది. ఇక వీళ్లు రారని జనం నవ్వుకున్నారు. నిక్కీ ఒక క్షణం ఆగి, మిగిలినవారిని వెంటబెట్టుకుని వేదిక ఎక్కి, ఆ డబ్బాలను బోధకుడి చేతిలో పెట్టాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతణ్ని నమ్మి ఒకరు డబ్బు చేతికివ్వడం అదే మొదటిసారి కావచ్చు. ప్రసంగం ఆ తర్వాతే మొదలైంది. ఆ రాత్రి అతడు మోకరించి ఏడ్చాడు. మర్నాడు ముఠా తన ఆయుధాలను పోలీసు స్టేషనుకు తీసుకెళ్లి అప్పగించింది.

ఇక్కడితో కథ ముగించే అలవాటు మనకుంది. కానీ ఆ రాత్రి నిక్కీతో పాటు మోకరించినవారిలో మౌమౌ ముఠాలోని మరో ముఖ్యుడు ఇజ్రాయెల్ నర్వాయెజ్ కూడా ఉన్నాడు. ఇద్దరూ విన్నది ఒకే ప్రసంగం, కార్చిన కన్నీళ్లు ఒకేలాంటివి. కొద్దికాలానికి విల్కర్సన్ వారిని ఆ వాతావరణం నుంచి తప్పించి న్యూయార్క్ రాష్ట్రంలోనే ఎల్మిరా అనే ఊరికి తీసుకెళ్లాలని ఏర్పాటు చేసుకున్నారు. అనుకున్న చోట పెట్టె సర్దుకుని ఇజ్రాయెల్ గంటల తరబడి ఎదురుచూశాడు. ఏదో పొరపాటు జరిగింది, ఒకరికొకరు కనబడలేదు. నన్ను వదిలేసి పోయారనుకుని అతడు తిరిగి ముఠాలోకి వెళ్లిపోయాడు. ఒక హత్య కేసులో ఇరుక్కుని జైలుపాలయ్యాడు. నిక్కీ ఎల్మిరా చేరి, అక్కడినుంచి కాలిఫోర్నియాలోని బైబిలు పాఠశాలకు వెళ్లారు, అక్కడే తన భార్య గ్లోరియాను కలుసుకున్నారు, తిరిగి బ్రూక్లిన్ వచ్చి, విల్కర్సన్ మత్తుమందులకు బానిసలైన యువకుల కోసం మొదలుపెట్టిన టీన్ ఛాలెంజ్‌లో పనిచేశారు. ఇజ్రాయెల్ జైలు నుంచి బయటికి వచ్చాక విశ్వాసంలోకి తిరిగి వచ్చాడు గాని, మధ్యలో ఎన్నో ఏళ్లు పోయాయి. ఒక ప్రాణమూ పోయింది.

ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగే బాధ మాటల్లో చెప్పలేను. ఇజ్రాయెల్ విశ్వాసం తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెట్టె పట్టుకుని తెల్లవారుజామునే వచ్చి నిలబడిన వాడిది విశ్వాసం కాకపోతే మరేమిటి? తిరస్కారం చవిచూసినవాడికి చిన్న ఆలస్యం కూడా పాత తలుపు మళ్లీ మూసుకున్నట్టే వినిపిస్తుంది. సువార్త చెప్పేవారు, యువజన కూటాలు నడిపేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలామంది దారి తప్పకుండా ఉంటారు.

మన నేల మీద మరో రకం తిరస్కారం ఉంది. విశ్వాసంలోకి వచ్చినందుకే ఇల్లు తలుపు మూసిన సందర్భాలు తెలుగునాట తక్కువేమీ కాదు. హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్ జీవితం అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లండులో ఇంజినీరింగు చదివి, 1929లో కెనడాలో క్రీస్తును విశ్వసించిన ఆయన 1933లో బొంబాయిలో ఓడ దిగారు. ఎదురొచ్చిన తల్లిదండ్రులు ఆ సంగతి గుట్టుగా ఉంచుకొమ్మని, అలాగైతే ఇంటికి రావచ్చని బతిమాలారు. దాచడం తనవల్ల కాదన్నారు ఆయన. వారు తిరిగి వెళ్లిపోయారు, కొడుకు ఆ మహానగరంలో ఒంటరిగా మిగిలిపోయాడు. ఆ తల్లిదండ్రులను దుర్మార్గులని నేను అనుకోను. బంధువుల్లో తలెత్తుకోలేమన్న భయం ఎంత బలమైనదో మన సమాజంలో బతికేవారెవరికైనా తెలుసు. ఆ తర్వాత ఆయన ఏం కట్టారన్నది నాకు ఆసక్తి కలిగించే విషయం. హెబ్రోనులో ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ కలిసి కూర్చుని తినే ప్రేమవిందు ఆయన పరిచర్యలో విడదీయలేని భాగం. కులం అడగకుండా ఒకే వంట, ఒకే పంక్తి. ఇంటి గడప దగ్గర ఆగిపోయిన మనిషి వేలమందికి విస్తరి వేశారు. 2000లో ఆయన కన్నుమూసినప్పుడు ఆ అంతిమయాత్రకు తరలివచ్చిన జనసముద్రాన్ని చూసినవారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే సంఘమే తోసేస్తే? ఈ ప్రశ్నను దాటవేసి విశ్వాసం గొప్పతనం గురించి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు. గుర్రం జాషువ 1895లో వినుకొండలో కులాంతర వివాహం చేసుకున్న దంపతులకు పుట్టారు. తండ్రి యాదవులు, తల్లి మాదిగ. రెండు వైపులా పూర్తిగా చెందని బాల్యం, అడుగడుగునా అవమానం. క్రైస్తవుడన్న పేరు ఆయనకు గొడుగు కావాల్సింది. కానీ హిందూ పురాణగాథలను కావ్యవస్తువులుగా తీసుకున్నందుకు క్రైస్తవ పెద్దలే ఆయన్ను వెలివేశారు. బయట అంటరానివాడు, లోపల వెలివేయబడినవాడు. అయినా ఆ కవి 1958లో ‘క్రీస్తు చరిత్ర’ రాశారు, దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తనను కాదన్న సంఘాన్ని వేరుగా, క్రీస్తును వేరుగా చూడగలిగిన ఆ గుండె నిబ్బరం అందరికీ ఉండదు. జాషువ అంతటివారికి సాధ్యమైందని చెప్పి, సంఘం తన తప్పును దులుపుకోవడానికి వీల్లేదు.

మన సంఘాల్లో ఇప్పటికీ జరిగే ఒక పొరపాటు గురించి గట్టిగానే చెప్పదలచుకున్నాను. గాయపడి వచ్చిన పిల్లవాడికి మొదటి వారమే ‘నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము’ అన్న ఆజ్ఞ వినిపించి, వెంటనే క్షమించమంటారు. తాగివచ్చి కొట్టే తండ్రి ఉన్న ఇంటికి తిరిగి పొమ్మంటారు. క్షమాపణ క్రైస్తవ విశ్వాసానికి ఆయువుపట్టు, సందేహం లేదు. నిక్కీ క్రూజ్ కూడా చివరికి తల్లితో సమాధానపడ్డారు, ఆమె సైతం క్రీస్తును అంగీకరించింది. కానీ అది ఆయనకు నిలవడానికి ఒక చోటు, నమ్మడానికి కొందరు మనుషులు దొరికాక జరిగిన పని. మునిగిపోతున్నవాడు ముందు ఒడ్డు చేరాలి. అలాగే రాత్రులు నిద్రపట్టని, చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పే యువకుణ్ని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం విశ్వాసం లోపించడం కాదు. ప్రార్థన చేసే నోరు, ఆటో పిలిచే చెయ్యి ఒకే మనిషివి కావచ్చు. పౌలు రోమా సంఘానికి రాస్తూ ‘దత్తపుత్రాత్మ’ అన్న మాట వాడాడు. దత్తత అంటే కాగితం మీద సంతకంతో తీరేది కాదని దత్తు తెచ్చుకున్న ఇళ్లన్నింటికీ తెలుసు. బిడ్డ రాత్రులు ఉలిక్కిపడి లేస్తాడు, అన్నం దాచుకుంటాడు, పరీక్ష పెడతాడు. వదిలేస్తారా లేదా అని చూస్తాడు.

మా సంఘంలో కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడు సాక్ష్యం చెప్పాడు. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రి మరో పెళ్లి చేసుకుని వీణ్ని హాస్టల్లో వేసి మరిచిపోయాడు. సెలవులొచ్చి పిల్లలందరూ ఇళ్లకు పోతే వార్డెనుతో పాటు తానొక్కడే మిగిలేవాడినని చెప్పి, మైకు వదిలి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాం, స్తోత్రం అన్నాం. ఆరాధన అయ్యాక అందరం చెప్పులు వెతుక్కుంటూ ఉంటే పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారూ అని పిలిచే ఆవిడ, వాడి దగ్గరికి వెళ్లి అన్నం తిని వెళ్లమంది. ఆ ఆదివారమే కాదు, ఆ తర్వాత ప్రతి ఆదివారం. మొదట్లో వాడు గోడవారగా కూర్చుని, పెట్టింది పెట్టినట్టు తిని, తన పళ్లెంతో పాటు అందరి పళ్లేలూ కడిగి వెళ్లేవాడు. వద్దన్నా వినేవాడు కాదు. కడుపుకు కూలి ఇస్తున్నట్టుండేది ఆ కడగడం. ఏడాదిన్నర గడిచాక ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. వాడు తిన్న పళ్లెం అక్కడే వదిలి, వంటింటి గుమ్మానికి ఆనుకుని, ‘వచ్చే వారం గోంగూర పప్పు చెయ్యండి అమ్మగారూ, ఎన్నాళ్లయిందో’ అన్నాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, ‘గోంగూర నువ్వే తెచ్చి ఇవ్వాలి మరి’ అంది.