మోటార్‌హోమ్ గారికి ఒక అద్దెదారు విన్నపం

మహారాజశ్రీ మోటార్‌హోమ్ గారికి,

ఉభయకుశలోపరి. రెండేళ్ళ కిందట అమ్మానాన్న అమెరికా వచ్చినప్పుడు తమరిని వారానికి అద్దెకు తీసుకున్నది నేనే. తమరు చక్రాల మీద నడిచే ఇల్లు, పొడవు 34 అడుగులు. సోఫా, ఓవెన్, రెండు టీవీలు, బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు పెద్దదవడం... పడిపోయాను. రోడ్డెక్కాక తెలిసింది, గ్యాలన్‌కు ఏడెనిమిది మైళ్ళు మించి తమరు కదలరని, మలుపు మలుపుకీ అరలో స్టీలు గ్లాసులు దొర్లితే అమ్మ "ఒరేయ్ మెల్లగా!" అని కేకేస్తుందని.

ఓర్చుకుని మోంటానాలో గ్లేసియర్ పార్కుకు చేరాం. కొండల మీదుగా సాగే గోయింగ్ టు ద సన్ రోడ్డు కోసమే అంత దూరం వెళ్ళింది. ఆ రోడ్డు కొండెక్కే భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. తమరిని కింద వదిలి వెళ్దామంటే వేరే కారు లేదు. అందుకేనట, కొందరు తమరి వెనక ఒక కారు కట్టి లాక్కెళ్తారు. ఇల్లు మోసుకెళ్ళి, ఆ ఇంట్లోంచి బయటపడటానికి మళ్ళీ కారన్నమాట! మేం షటిల్ బస్సెక్కాం.

ఇక తమరి బ్లాక్ ట్యాంకు. టాయిలెట్‌దంతా అందులోకే పోతుందని ముందే చెప్పారు, ఖాళీ చేయాల్సింది నేనేనని మాత్రం రెండోరోజు తెలిసింది. గ్లోవ్స్ తొడుక్కుని, ముడతల పైపును డంప్ స్టేషన్‌లో, అంటే మురుగు వదిలే చోట, కంతలో పెట్టి, చివరి చుక్కదాకా జారాలని పైపు పైకెత్తి పట్టుకుంటే, నాన్న పక్కన నిలబడి "సాఫ్ట్‌వేర్ అన్నావు కదరా" అన్నారు.

కిందటి వేసవిలో నేనూ మా ఆవిడా మళ్ళీ అక్కడికే వెళ్ళాం, కారు వెనక కన్నీటిబొట్టు ఆకారపు చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్ కట్టుకుని. లోపల పరుపు, అంతే, నిలబడటం కుదరదు. వంటిల్లు వెనక డిక్కీలో. తుంపర పడుతుంటే ఆవిడ గొడుగు పట్టింది, నేను ఉప్మా కలిపాను, అందులో కాస్త వాన కూడా కలిసింది. నిజానికి దాన్ని కట్టుకునీ కొండెక్కనివ్వరు, రెండూ కలిపితే 21 అడుగులు దాటుతుంది. కానీ కొక్కెం విప్పి క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలేసి, కారులో ఆ రోడ్డు మీద అన్నిటికన్నా ఎత్తైన లోగన్ పాస్ దాకా హాయిగా వెళ్ళొచ్చాం. తమరిని అలా విప్పే దారేదీ?

బాత్రూం లేదు, ఒప్పుకుంటున్నాను. అర్ధరాత్రి ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో ఎలుగుబంట్లను తరిమే స్ప్రే పట్టుకుని టాయిలెట్ దాకా నడిచాను, పొదలో ఏం కదిలినా ఆంజనేయ దండకమే.

నిన్న వీడియోకాల్‌లో అమ్మకు ఈ బుల్లి బండి చూపించి తెగ పొగిడాను. అంతా విని, "బాగుందిరా, మేమొచ్చినప్పుడు మాత్రం ఆ బాత్రూం ఉన్న బస్సే మాట్లాడు" అంది.

కనుక జూలైలో తమరికి ఏ వారం ఖాళీయో తెలుపగలరు. గ్లోవ్స్ నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
తమరి ట్యాంకు సేవకుడు