వెయ్యేళ్ల లెక్క

బ్రిటిష్ వలస రొడీషియాకు (ఇప్పటి జింబాబ్వే) ప్రధానిగా చేసిన ఇయాన్ స్మిత్ గారి మీద చరిత్ర మరీ కఠినంగా ఉంది. ఆయన కామర్స్ చదువుకున్నవారు. నూటికి అయిదుగురు కూడా లేని తెల్లవాళ్లు రొడీషియాను శాశ్వతంగా ఏలాలంటే లెక్కలు ఎంత బాగా రావాలో ఎవరూ ఆలోచించరు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన పైలట్. ఈజిప్టులో విమానం కూలి ముఖం చితికింది. ఇటలీలో మళ్లీ కూల్చేస్తే, అక్కడి ప్రతిఘటన దళాలతో కలిసి పోరాడారు. ఇది నిజంగా ధైర్యమే, వెటకారం కాదు. జాతి గొప్పలు చెప్పుకునే హిట్లర్ మీద చేసిన ఆ యుద్ధం ఎందుకో మాత్రం ఇంటికొచ్చాక మర్చిపోయినట్టున్నారు.

నల్లవాళ్ల మెజారిటీ పాలనకు దారి చూపితేనే స్వాతంత్ర్యం అని బ్రిటన్ మొండికేసింది. 1965 నవంబరు 11న స్మిత్ గారు తనంతట తానే ప్రకటించేసుకున్నారు. ప్రకటనకు 1776 నాటి అమెరికా పత్రమే నమూనా. అందులోని మనుషులంతా సమానంగా పుట్టారన్న మాట స్మిత్ గారి ప్రకటనలో లేదు, బహుశా కాగితం చాలలేదేమో! చివర్లో మాత్రం రాణిగారిని దేవుడు చల్లగా చూడాలని కోరారు. ఆస్తి లాక్కుని అడ్డుగోడ కట్టేసి, గోడ మీంచి తండ్రికి దణ్ణం పెట్టే కొడుకు భక్తి ఇది.

సమానత్వం అంటే గిట్టదనకండి. 1969లో భూమిని సగం సగం పంచారు: రెండు లక్షల చిల్లర తెల్లవాళ్లకు సగం, నలభై ఎనిమిది లక్షల నల్లవాళ్లకు సగం. పార్లమెంటులో 66 సీట్లకు 50 తెల్లవాళ్లవే. 1974లో జాతీయగీతానికి బీతోవెన్ బాణీ తెచ్చుకున్నారు. మనుషులంతా అన్నదమ్ములని పాడే బాణీ అది. రొడీషియా మీద ప్రపంచ దేశాల వాణిజ్య ఆంక్షలున్నా బాణీ వచ్చింది, మాటలు మాత్రం సరిహద్దులో ఆగిపోయాయి.

ఇక అసలు లెక్క. 1976 మార్చిలో, మెజారిటీ పాలన వెయ్యేళ్లయినా రాదని రేడియోలో చెప్పారు. అడవుల్లో గెరిల్లాలు, ప్రిటోరియాలో అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్, పక్కన దక్షిణాఫ్రికా ఒత్తిడి. సెప్టెంబరుకల్లా అదే రేడియోలో గడువు రెండేళ్లకు దిగింది. కామర్స్‌లో దీన్ని తరుగు అంటారు.

1980లో జింబాబ్వే వచ్చింది. స్మిత్ గారి ప్రభుత్వం ఏళ్ల తరబడి జైల్లో ఉంచిన నల్లవాళ్ల నాయకుడు ముగాబే ప్రధాని అయ్యారు. తెల్లవాళ్లకు కేటాయించిన 20 సీట్లలో ఒకదాంట్లో 1987 దాకా కూర్చుని, స్మిత్ గారు కొత్త ప్రభుత్వానికి ప్రజాస్వామ్యం నేర్పబోయారు. ముగాబే కూడా తెలివైన శిష్యుడే: 1965లో స్మిత్ ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీని 1990 దాకా పొడిగించుకుంటూ పోయారు.