ఆచూకీ కమిటీ వారి ఘనవిజయాలు

మా 1997-98 పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనానికి ఆచూకీ కమిటీ వేశారు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉన్నారు. సభ్యులే లేరు.

రిజిస్టరులో మొత్తం 58 పేర్లు. డల్లాస్‌వాడు ఇరవై నిమిషాల్లో దొరికాడు. అసలు వాడు తప్పిపోతే కదా! వారంవారం పెరట్లో కోడి కాలుస్తూ ఫోటోలు పెట్టేవాణ్ణి కనిపెట్టినందుకు కమిటీవారు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. ఆదివారానికల్లా మగపిల్లలంతా వచ్చేశారు. కాలం చేసిన ఇద్దరికీ ఫ్లెక్సీలో పైన చెరో గుండ్రం కేటాయించారు.

తంటా అంతా ఆడపిల్లల దగ్గరొచ్చింది. 24 మందిలో దొరికింది ఆరుగురు.

కమిటీ చెప్పిన కారణాలు శాస్త్రీయమైనవే. ఇంటిపేర్లు మారాయి. వాట్సాప్ డీపీల్లో అందరికీ వెంకటేశ్వరస్వామే. పైగా జిల్లాలు! జగ్గయ్యపేట నుంచి కోదాడకు బస్సులో గంట కూడా పట్టదు. అప్పట్లో కృష్ణా జిల్లా పిల్లని నల్గొండ జిల్లాకిచ్చారు. 2014లో మధ్యకి రాష్ట్ర సరిహద్దొచ్చింది. 2016లో కోదాడ సూర్యాపేట జిల్లాకెళ్ళింది, 2022లో జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాకెళ్ళింది. ఆ పిల్ల మాత్రం అదే ఇంట్లో అదే పొయ్యి దగ్గరుంది. ఎలా దొరుకుతుంది పాపం?

మా అధ్యక్షుడు బ్యాంకు మేనేజరు. అప్పు ఎగ్గొట్టినవాళ్ళని దబాయించగలడు గానీ, తనతో చదివిన ఆడమనిషికి ఫోన్ చేయాలంటే చెమటలు. అంచేత వాళ్ళావిడ చేత చేయించాడు. స్పీకరు పెట్టి, చుట్టూ మేం ఏడుగురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

ఎత్తింది భర్త.

"అన్నయ్యగారూ, వదినగారితో మాట్లాడాలండీ. మా ఆయనా ఆవిడా ఒకే క్లాసు."

"ఏ క్లాసు?"

"పదో క్లాసండీ. తొంభై ఎనిమిదిలో."

అవతల చాలాసేపు చప్పుడు లేదు. "అయితే ఇప్పుడేమైందంట?" అన్నాడాయన. న్యాయమైన ప్రశ్నే, మా దగ్గర జవాబు లేదు. ఫోను అత్తగారి చేతికెళ్ళింది. ఆవిడ మమ్మల్ని ఫైనాన్సువాళ్ళనుకుని "కిస్తీ మొన్ననే కట్టాం" అని కసిరింది. అక్కణ్ణుంచి కొడుకు చేతికి. వాడు విషయమంతా విని, ఫోను చెవిదగ్గరే పెట్టుకుని లోపలికి కేకేశాడు: "అమ్మా! నువ్వు టెన్త్ చదివావా?"

అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ పిల్ల మా క్లాసు ఫస్టు. లెక్కల్లో నన్ను 35 దాటించింది ఆ పిల్ల నోట్సే. ఏప్రిల్లో పరీక్షలయ్యాయి, మేలో పెళ్ళి చేసేశారు. పదిహేనేళ్ళు. పద్దెనిమిది నిండాలని 1978 నుంచే చట్టముంది. తెలియనివాళ్ళెవరు? మేష్టార్లొచ్చి అక్షింతలు వేసి, భోంచేసి, వక్కపొడి నములుకుంటూ వెళ్ళారు. మేం బంతిలో సాంబారు వడ్డించాం. మర్నాడు క్రికెట్‌కి పోయాం. ఆ పిల్ల ఏదిరా అని ఒక్కడంటే ఒక్కడు అడిగాడా? ఇవాళ, పాతికేళ్ళు దాటాక, గ్రూపు ఫోటోలో కుడిపక్క బోసిగా ఉంటుందని, డ్రోనువాడికి అడ్వాన్సిచ్చేశామని, రామచిలక పచ్చ చీరలు 24 ఆర్డరిచ్చేశామని వెతుకుతున్నాం. తప్పిపోయిందట! ఎవడ్రా తప్పించింది?

చివరికి ఆవిడే ఫోను తీసుకుంది. ఎవరెవరొస్తున్నారని అడగలేదు. చీర ఏ రంగని అడగలేదు.

"అప్పుడు మార్కుల మెమో తెచ్చుకోలేదండీ. ఇంకా బళ్ళో ఉంటుందంటారా?"

అధ్యక్షుడి భార్య మా మొహాల్లోకి చూసింది. కనుక్కుని చెప్తామంది.

కార్యదర్శి అప్పటికే గ్రూపులో పెట్టేశాడు: "లేడీస్ ఏడో నంబరు దొరికింది. చందా రావాలి."