ఎనిమిది బైట్ల నెల్లూరు

మా ఊరి పేరు పిల్లల్ని తప్పుదోవ పట్టిస్తోందని నాకు ఈమధ్యే తెలిసింది. చేపల పులుసు విషయంలో అయితే సర్దుకుపోయేవాణ్ణి. ఇది కంప్యూటర్ ప్రోగ్రాంలు రాసే సీ లాంగ్వేజ్ విషయం. మార్కులు పోతాయి.

మా మేనల్లుడు ఇక్కడే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. మొన్న ల్యాప్‌టాప్ ముందేసుకుని ఊరి పేరు ఇంగ్లీషులో రెండు రకాలుగా రాశాడు. ఒకసారి ఖాళీ బ్రాకెట్లు పెట్టి క్యారెక్టర్ అర్రేగా, అంటే అక్షరాల వరుసగా, ఇంకోసారి నక్షత్రం గుర్తు (*) పెట్టి క్యారెక్టర్ పాయింటర్‌గా, అంటే ఆ అక్షరాలున్న చోటు చూపించేదిగా. మెమరీలో ఎన్ని బైట్లు పడుతుందో చెప్పే సైజాఫ్‌ని రెండింటి మీదా వేశాడు. రెండింటికీ 8 వచ్చింది.

“చూసినావా మామా, రెండూ ఒకటే. సార్ ఊరికే బెదిరిస్తుండాడు” అన్నాడు.

నేనూ కాసేపు నమ్మాను. తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. నెల్లూరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో అక్షరాలు 7, ఒక్కోదానికి ఒక బైటు. పేరు అయిపోయిందని చెప్పడానికి చివర కంటికి కనపడని సున్నా, అదే నల్ క్యారెక్టర్, 1. మొత్తం 8. ఇక పాయింటర్ అంటారా, ఇప్పటి 64 బిట్ కంప్యూటర్లలో దాని సైజే 8. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు కదా.

“ఒంగోలు అని కొట్టరా” అన్నాను. అర్రే 7 అంది, పాయింటర్ 8 అంది. ఉదయగిరి కొట్టించాను. అర్రే 10, పాయింటర్ మళ్ళీ 8. వాడు కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చేది) పాడైందన్నాడు.

అంటే ఒంగోలు కుర్రాడికి మొదటి రోజే తెలిసే నిజం నెల్లూరు కుర్రాడికి పరీక్ష హాల్లో తెలుస్తుంది. ప్రాంతీయ అసమానత అంటే ఇంకేముంది? నీళ్ళ వాటాకీ, రైలు హాల్టుకీ ధర్నాలు చేసే నాయకులు దీని మీద ఒక్క వినతిపత్రమైనా ఇచ్చారా?

అసలు తగువెక్కడుందంటే, అర్రే సొంత స్థలం. పాయింటర్ ఆ స్థలం అడ్రసు రాసుకున్న చీటీ. పూరిపాక అడ్రసు రాసినా, రంగనాయకస్వామి గుడి అడ్రసు రాసినా చీటీ అంతే ఉంటుంది. సైజాఫ్ అనే సర్వేయర్‌ని పిలిచి స్థలం ఎన్ని అంకణాలయ్యా అంటే, చేతికి చీటీ ఇచ్చినప్పుడు చీటీనే కొలిచి పోతాడు. పాపం ఆయన తప్పేమీ లేదు. సైజాఫ్ అసలు ఫంక్షనే (పని అప్పగిస్తే చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క) కాదు, కూడిక గుర్తులాగా భాషలోనే ఉన్న ఆపరేటర్. ప్రోగ్రాం ఇంకా పరుగెత్తకముందే, పేరు పక్కన రాసిన టైపు చూసి కంపైలర్ లెక్క వేసేస్తుంది. స్థలం మొహం చూడకుండా సర్టిఫికెట్ ఇవ్వడం మనకేమన్నా కొత్తా?

ఫంక్షన్ సంగతి ఇంకా ఘోరం. ఇంట్లో వంద బైట్ల అర్రే దర్జాగా ఉంటుంది. దాన్ని ఫంక్షన్‌కి పంపండి, గడప దాటగానే పాయింటర్ అయిపోతుంది. లోపల బ్రాకెట్లలో 100 అని స్పష్టంగా రాసి పెట్టినా సైజాఫ్ 8 అనే అంటుంది. మన ఫంక్షన్లలోనూ అంతేగా! పదెకరాల ఆసామి పెళ్ళికెళ్ళినా, చదివింపుల పుస్తకంలో రాసేది పేరూ ఊరే. ఎకరాలు ఎవరూ రాసుకోరు. అందుకే తెలిసినవాళ్ళు అర్రేతో పాటు దాని సైజు కూడా విడిగా చెప్పి పంపిస్తారు.

ఆ చివరి సున్నా కూడా చిన్నదేం కాదు. విస్తరి మడిచేదాకా వడ్డించేవాడు ఆగడు. నెల్లూరు పేరుకి సరిగ్గా 7 గదులే ఇచ్చి చూడండి. సున్నాకి చోటు లేకపోయినా సీ భాష తప్పనదు. అచ్చు వెయ్యమంటే మాత్రం ఆగాల్సిన చోటు తెలియక పక్కింటి సరుకు కూడా వడ్డించుకుంటూ పోతుంది.

పాయింటర్‌ని ఇంకో అడ్రసుకి తిప్పొచ్చు, అర్రే పేరుని తిప్పలేం. ఈ ముక్క కందుకూరు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు వాళ్ళ జిల్లా పాయింటర్ నెల్లూరు నుంచి అటు తిరిగింది. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మళ్ళీ నెల్లూరు వైపు తిరిగింది. ఊరు అంగుళం కదల్లేదు, ఒక్క బైటు కాపీ కాలేదు, బోర్డులకి రంగులేసినవాళ్ళు మాత్రం బాగుపడ్డారు. ఒంగోలు జిల్లాకి ప్రకాశం పేరు పెట్టిందీ, అమెరికాలో డెన్నిస్ రిచీ సీ భాషకి రూపమిచ్చిందీ ఒకటే సంవత్సరం, 1972. ఇది కాకతాళీయమంటే నేను ఒప్పుకోను.

బాగా ఆలోచించి మేనల్లుడికి ఒక ఉపాయం చెప్పాను. ఊరి పేరు తెలుగులోనే రాయమన్నాను. మన కంటికి నెల్లూరు మూడక్షరాలు. కంప్యూటర్ అక్షరాల్ని బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో గుణింతాలకీ, వత్తుకీ విడివిడిగా లెక్క కట్టి, ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 24 పడతాయి. సున్నాతో కలిపి 25. ఒంగోలుకి 19. పాయింటర్ 8 దగ్గరే ఉంటుంది. ఇక ఎవరూ మోసపోరు, రెండు జిల్లాలకీ న్యాయం.

వాడు ఉత్సాహంగా ఆ ప్రోగ్రాం కాలేజీ ల్యాబ్‌కి పట్టుకెళ్ళాడు. అక్కడ ఇంకా నీలం తెర టర్బో సీ అనే పాత కంపైలరే నడుస్తోంది. 16 బిట్ కాలంనాటిది, మామూలుగా పాయింటర్‌కి 2 బైట్లే ఇస్తుంది. సార్ రికార్డు పుస్తకంలో 8 కొట్టేసి ఎర్రసిరాతో 2 వేశారట. తెలుగు అక్షరాల వైపు ఒక చూపు చూసి, “తెలుగు మేడం పై అంతస్తులో ఉంటారు నాయనా” అన్నారట.