కామెర్ల వైరస్‌కు మన రక్తంతోనే పరీక్ష పెట్టాలి

వానాకాలం వచ్చి కుళాయి నీళ్లు రంగు మారితే చాలు, చిత్తూరు పల్లెల్లో కామెర్లకు పసరు మందు ఇచ్చే ఇంటి ముందు చెప్పులు పేరుకుంటాయి. వెక్కిరించడం సులువే. కానీ ల్యాబుల్లో జరిగేది కూడా ఏమంత గొప్పగా లేదు.

కామెర్ల వైరస్‌ల మీద ప్రయోగాలకు ఎక్కువగా వాడే హెచ్‌యూహెచ్-7 కణాలు 1982లో ఒక జపాన్ రోగి లివర్ క్యాన్సర్ గడ్డ నుంచి వచ్చినవి. చావవు, చవక, చెప్పినట్టు పెరుగుతాయి. వాటి నుంచే తీసిన 7.5 రకంలోనైతే వైరస్‌ను పసిగట్టే రిగ్-ఐ జన్యువే చెడిపోయింది. కుక్క లేని ఇంట్లో దొంగ నడకను చూసి ఊరందరి దొంగతనాలకూ లెక్క రాసినట్టుంది ఇది!

జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో ఎలుకల్లో, మరుసటి ఏడు మనుషుల్లో చూపించిన దారి తెలిసిందే. రక్తకణాన్ని ఏ కణంగానైనా మారగల మూలకణంగా వెనక్కి తిప్పి, కొన్ని వారాల్లో లివర్ కణంగా మలచవచ్చు. నన్ను ఊరించేది ఆ రక్తం ఎవరిదన్నది. కలుషిత నీటితో వచ్చే కామెర్ల రకం హెపటైటిస్-ఇ మామూలుగా తగ్గిపోయే జబ్బు. అదే నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే వందకు ఇరవై మంది దాకా పోతారు. ఎందుకో నేటికీ పూర్తిగా తేలలేదు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన తల్లి రక్తం, అదే వైరస్ సోకినా ఏమీ కాని తల్లి రక్తం తీసుకుని రెండింటి నుంచీ లివర్ కణాలు పెంచి, అదే వైరస్ వదిలి చూడండి. తేడా వాళ్ల జన్యువుల్లో ఉంటే అక్కడ బయటపడాలి. ఆ జపాన్ రోగి క్యాన్సర్ కణాలు ఈ ప్రశ్నకు ఎన్నటికీ జవాబివ్వవు.

ఇలా మూలకణాల నుంచి పెంచిన లివర్ కణాలు పిండదశ దాటి పూర్తిగా ముదరవని, ఖర్చెక్కువని అంటారు. నిజమే. అయితే రెండూ ఒకే తీరు లేతవైనప్పుడు పోలికకు వచ్చిన నష్టం తక్కువ.

కామెర్లకు పసరుగా ఇచ్చే నేల ఉసిరి సంగతినీ ఈ కణాల మీదే తేల్చవచ్చు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి కనుగొన్న బ్లంబర్గ్ కలిసి దాని మీద ఆశలు రేపారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

మనకు ఒంట్లో బాగాలేకపోతే వేలూరు బస్సెక్కడం అలవాటు. మూలకణాల పరిశోధన కేంద్రమూ అక్కడి సీఎంసీ వైద్య కళాశాల ఆవరణలోనే ఉంది. తిరుపతికేం తక్కువ? స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2015 నుంచి కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. కొత్త భవనం, శంకుస్థాపన ఫలకం ఎవరూ అడగడం లేదు. కామెర్లతో ప్రసూతి వార్డుకు వచ్చిన ప్రతి తల్లి నుంచి, ఆమె ఒప్పుకుంటేనే, ఒక ట్యూబు రక్తం. అందులోని కణాలు దాచడానికి ఒక ద్రవ నైట్రోజన్ ట్యాంకు. వచ్చే వానలకు ముందే పెట్టొచ్చు.